పదివేలా, మూడువేలా

రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేయడం నా పని. భీమవరంలో రైలు గేటుకి అవతల చిన్న ల్యాబు నాది. పొద్దున్నే రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి వెళతారు. కొందరి చెరువులకు మాత్రం నేనే వెళ్లాలి. కొన్ని పరీక్షలు గట్టు మీదే చెయ్యాలి. సీసా ల్యాబుకి వచ్చేలోగా నీళ్ల గుణం మారిపోతుంది. చాలా ఏళ్లు ఆ తిరుగుడంతా స్కూటీ మీదే సాగింది. ముందు ఐసుపెట్టె, వెనక పరీక్షల సామాను, మొహానికి చున్నీ. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఒక చెరువు గట్టు మీద కళ్లు తిరిగి కూలబడ్డాను. రైతు భార్య మజ్జిగ పట్టి, ఆటోలో ఇంటికి పంపింది. ఆ సాయంత్రమే మావారు, "ఇంక ఆ స్కూటీ చాలు. కారు కొనుక్కో" అన్నారు. ఆయన బ్యాంకులో పనిచేస్తారు. బండ్ల సంగతి ఆయనకు పెద్దగా పట్టదు, ఆఫీసుకి నడిచే వెళతారు.

అలా మా ఇంటికి మొదటి కారు వచ్చింది. తెల్లది, చిన్నది, పెట్రోలుది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు చర్చి ఆవరణలోనే బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. వచ్చినవాళ్లంతా రంగు బాగుందన్నారు, మైలేజీ ఎంతిస్తుందని అడిగారు. మావయ్యగారు మాత్రం కారు చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగారు. టైర్లు చేత్తో నొక్కి చూశారు. తరువాత నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి మార్చమన్నారమ్మా?"

"పదివేలకండి. లేదా ఏడాదికి. ఏది ముందొస్తే అది."

"పదివేలా?" అన్నారు. ఎవరో తెలిసినవాళ్లు ఆసుపత్రిలో ఉన్నారని చెబితే అడిగినట్టు అడిగారు. "అదేం లెక్కమ్మా? మూడువేలు. మహా అయితే మూడున్నర."

మావయ్యగారు రిటైరయ్యేదాకా బస్సు డ్రైవరు. ఈ పక్క రాజమండ్రి, ఆ పక్క జంగారెడ్డిగూడెం, మధ్యలో ఉన్న ప్రతి గుంతా ఆయనకు తెలుసు. అత్తయ్యగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. మనిషి నిదానం. గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. అయితే ఇంజన్ ఆయిల్ విషయంలో ఆయన నిదానం మరో రకం. అడిగిన ప్రశ్ననే రోజూ కొద్దికొద్దిగా మార్చి అడుగుతారు.

"ఎంత తిరిగిందమ్మా ఇప్పటికి?" అని టిఫిన్ దగ్గర. "కొత్త ఇంజన్‌లో ఇనప రజను రాలతాదమ్మా. అది ఆయిల్లో కలిసి తిరుగుతా ఉంటాది" అని కాఫీ దగ్గర. "ఆ కంపెనీవోళ్లకేం, బండి పాడైతే కొత్తది అమ్ముకుంటారు" అని సాయంత్రం గేటు వేసేటప్పుడు.

మొదటి సర్వీసుకి ఇచ్చినప్పుడు ఇదే సంగతి సర్వీసు సెంటర్లో అడిగాను. అక్కడ ఒక అబ్బాయి ఉంటాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు. చాలా మర్యాదస్తుడు.

"ఆయిల్ ఇప్పుడు మార్చక్కర్లేదండి మేడం. చెక్ చేస్తామండి అంతే. మాన్యువల్ ప్రకారం పదివేలకండి."

"ఐదువేలకి మారిస్తే?"

"మార్చచ్చండి."

"మార్చాలా?"

"మీ ఇష్టమండి మేడం."

"నా ఇష్టం కాదు బాబూ, ఇంజన్‌కి ఏది మంచిదో అడుగుతున్నాను."

అతను ట్యాబు వైపు చూసి, నావైపు చూసి నవ్వాడు. "రెండూ మంచివేనండి."

ఆ జవాబుతో ఇంటికి వచ్చాను. మావారు, "ఫోన్లో చూడరాదూ, అన్నీ ఉంటాయి" అన్నారు. చూశాను. నిజంగానే అన్నీ ఉన్నాయి. ఒకాయన పదిహేనువేలన్నాడు. ఒకాయన ఐదువేలకు ఒక్క కిలోమీటరు దాటినా పాపమన్నట్టు మాట్లాడాడు. ఇంకొకాయన చెంచాలో పాత ఆయిల్ పోసి దీపం వెలుతురులో చూపించాడు. మూడు వీడియోలు చూసేసరికి నాకు కారు కన్నా తలనొప్పి ఎక్కువైంది.

ఆ వారంలోనే ఒక కొత్త రైతు ల్యాబుకి వచ్చాడు. వరి మానేసి మొదటిసారి చెరువు తవ్వినవాడు. సీసా బల్లమీద పెట్టి, "చెరువులో నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలండి? ఓ లెక్క చెప్పండి, గోడ మీద రాసుకుంటాను" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. "అందరికీ ఒకే లెక్క ఉండదండి. రొయ్యపిల్ల ఎంత వదిలారు, మేత ఎంత వేస్తున్నారు, కాలవలో నీళ్లెలా ఉన్నాయి, మీ చెరువు చూడకుండా నేను చెప్పలేను" అన్నాను. అతను అసంతృప్తిగా తలూపాడు. అతను వెళ్లాక నాకు నవ్వొచ్చింది. గోడ మీద రాసుకునే అంకె కోసమే కదా నేనూ వారం రోజులుగా అందరినీ అడుగుతున్నాను! నా చెరువు సంగతి మాత్రం నేనే చూసుకోలేదు.

అలా అనుకున్నానే గానీ వెంటనే ఏం చేయలేదు. సీజను మొదలైంది. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం దాకా చెరువుల మీదే. ఒక చెరువు దగ్గర ఆగి, ఇంజన్ ఆపకుండా ఏసీ వేసి, సీసాలు చల్లగా ఉండేలా ఐసుపెట్టెను లోపలే ఉంచి, దిగి పరీక్ష చేసుకుని, మళ్లీ ఎక్కి పక్క చెరువుకి పోయేదాన్ని. అక్కడా అంతే. గట్ల మీద దుమ్ము ఎంత లేచేదంటే సాయంత్రానికి తెల్ల కారు చామనఛాయకు తిరిగేది. మావయ్యగారు రోజూ తడిగుడ్డతో తుడిచేవారు. వద్దన్నా వినేవారు కాదు.

ఒకరోజు పొద్దున కారు స్టార్ట్ చేస్తే వెనక నుంచి పొగ వచ్చింది. ఎక్కువేం కాదు, నీలంగా, పలచగా. పెట్రోలు వాసన కాదు, మాడిన నూనె వాసన. కారు కూడా బరువుగా కదిలినట్టనిపించింది, కడుపునిండా తిని లేవలేనట్టు. మొదటి చెరువు దాకా వెళ్లి, అక్కడ చదునుగా ఉన్నచోట ఆపి, కాసేపు చల్లారనిచ్చి బానెట్ ఎత్తాను. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల ఒకటి ఉంటుంది, మావయ్యగారు దాన్ని గేజీ అంటారు. అది లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీశాను. ఉండాల్సిన గీతకు చాలా పైదాకా ఆయిల్ అంటుకుని ఉంది. వేలితో రాస్తే చిక్కగా జారింది. షోరూంలో చూపించినప్పుడు తేనెరంగులో, పలచగా ఉన్న ఆయిల్ ఇది కాదు.

ఎవరు పోశారు? సర్వీసు సెంటర్లోనే ఎక్కువ పోశారా? అప్పటినుంచీ ఉంటే ఇన్నాళ్లూ పొగ రాలేదేం? ఇంటికి ఫోన్ చేశాను.

"మావయ్యగారూ, కారులో ఆయిల్ ఎవరైనా పోశారా?"

 "నేనేనమ్మా. నిన్న సాయంత్రం. కొద్దిగా" అన్నారు.

"కొద్దిగానంటే?"

"లీటరు డబ్బా."

కోపం వచ్చింది. ఆ కోపం చూపించే అలవాటు మా మధ్య లేదు. "సరేనండి, వచ్చి మాట్లాడతాను. బట్టలు మార్చుకుని ఉండండి, సర్వీసు సెంటరుకి వెళ్దాం" అన్నాను. నన్ను ఒంటరిగా పంపడం ఆయనకు ఇష్టం లేదని తెలుసు. ఆయన్ని ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. కారు నెమ్మదిగా ఇంటిదాకా తెచ్చాను గానీ, ఆపైన నడపడానికి భయమేసి, సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లే ఒక మనిషిని పంపి తీసుకెళ్లారు. మేమిద్దరం ఆటోలో వెనకాలే వెళ్లాం. దారిపొడవునా మావయ్యగారు ఆటోడ్రైవరు గేర్లు మార్చే తీరు చూస్తూ కూర్చున్నారు.

ఇస్త్రీ చొక్కా అబ్బాయి గేజీ చూసి కనుబొమలు ఎగరేశాడు. "ఎవరండి పోసింది?"

"ఇంట్లో పొరపాటున పోశామండి" అన్నాను. మావయ్యగారు నా వెనక నిలబడి ఉన్నారు.

"పూర్తిగా తీసేసి కొత్తది పోయాలండి. గ్రేడు కూడా వేరేదిలా ఉంది. ఇంజన్‌కి ఏం కాలేదండి, వెంటనే చూసుకున్నారు కదా. గంట పడుతుంది, లోపల కూర్చోండి."

లోపల ఏసీ గది, గాజు గోడ. అవతల మా కారు లిఫ్టు మీదికి లేస్తోంది. మావయ్యగారు కుర్చీ అంచున కూర్చున్నారు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. కొంతసేపటికి ఆయనే మొదలుపెట్టారు.

"గేజీ తీసి చూశానమ్మా. పుల్లకి ఏం అంటుకున్నట్టు కనపళ్లేదు. రెండుసార్లు తుడిచి చూశాను. అసలు ఆయిలే లేదనుకున్నాను. ఆయిల్ లేకుండా నువ్వు ఆ గట్ల మీద తిరుగుతున్నావనుకుంటే ఇంక ఆగలేకపోయాను."

"నన్ను పిలవచ్చు కదండీ."

"నువ్వు స్నానానికెళ్లావు. ఈలోగా దుకాణం మూసేస్తాడేమోనని పరిగెత్తాను." లిఫ్టు మీది కారు వైపు చూస్తూ, "ఒకసారి జంగారెడ్డిగూడెం రోడ్డులో నా బండి ఇంజన్ పట్టేసిందమ్మా. అడుగున నట్టు ఊడి ఆయిలంతా కారిపోయింది, నేను చూసుకోలేదు. బండి నిండా జనం. జీడిమామిడి తోటల మధ్య, ఎండలో. ఒక పెద్దావిడకి సొమ్మసిల్లింది. ఆవిడకేం కాలేదులే. కానీ ఆ ఇంజన్ చేసిన చప్పుడుంది చూడు, అది నా చెవుల్లోంచి పోలేదు" అన్నారు.

అప్పటికి నా కోపం చాలామటుకు పోయింది. మా ఇంటి ముందు ర్యాంపు ఏటవాలుగా ఉంటుంది, అక్కడ నిలబెట్టి చూస్తే గేజీ సరిగ్గా చూపించదని చెప్పాను. "అవును, అది నాకూ తెలుసును. మర్చిపోయాను" అన్నారు. ర్యాంపు వల్ల లెక్క కాస్త తేడా రావచ్చు గానీ, అసలేమీ కనపడకపోవడం ఏమిటని ఎక్కడో అనుమానం మిగిలింది.

మాట మార్చడానికి బల్లమీద ఉన్న మాన్యువల్ తీశాను. కారుతో పాటు మాకిచ్చిందే, అంతే లావు. ఇంట్లో మాది ప్లాస్టిక్ కవరులో అలాగే ఉంది. ఆయిల్ పేజీ వెతికి పట్టుకున్నాను. పట్టికలో పదివేలని పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద, చిన్నక్షరాల్లో, మరో పేరా ఉంది.

"మావయ్యగారూ, ఇది చూడండి, ఇక్కడేదో రాశాడు" అని పుస్తకం ఆయన చేతికిచ్చాను. ఆయన ఇంగ్లీషు చదవగలరు. డిపోలో నోటీసులు అందరికీ ఆయనే చదివి చెప్పేవారట.

పుస్తకం పట్టుకున్నారు. దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం జరిపారు. వెలుతురు వైపు తిప్పారు. తరువాత నాకే తిరిగి ఇచ్చేశారు.

"నువ్వే చదువమ్మా. కళ్లజోడు తేలేదు."

కళ్లజోడు ఆయన చొక్కా జేబులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. నేను దాన్ని చూడటం ఆయన చూశారో లేదో తెలియదు. ఆ క్షణంలో కొన్ని నెలల సంగతులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పేపరు చేతిలో పట్టుకుని టీవీ వార్తలు వినడం. చర్చిలో పాటల పుస్తకం తెరవకుండా కంఠతా పాడటం. మావారు గేటు తీసుకుని వస్తే, "ఎవరూ?" అనడం. ఇవన్నీ నేను చూసినవే. వయసు అనుకున్నాను.

 చదవడం మొదలుపెట్టాను. కష్టమైన పరిస్థితుల్లో బండి నడిపేవాళ్లు ఆయిల్ ఇంకా ముందే మార్చాలని ఉంది. ఏవి కష్టమైన పరిస్థితులో కింద రాశాడు. ఒక్కొక్కటీ తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

"తరచూ తక్కువ దూరాలు తిరగడం..."

"ఊఁ."

"బండి నిలబెట్టి ఎక్కువసేపు ఇంజన్ నడిపించి ఉంచడం..."

"ఊఁ."

"దుమ్ము రోడ్లు. బాగా వేడి వాతావరణం. ఉప్పుగాలి ఉండేచోట..."

మావయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ రోజంతటిలో మొదటిసారి మొహం విప్పారింది. "ఇదంతా నిన్ను చూసి రాసినట్టుందేంటమ్మా!"

"నాకూ అలాగే ఉందండి."

"మరి ఎన్నింటికి మార్చమన్నాడు, అలాంటోళ్లని?"

"సగానికి. ఐదువేలు, లేదా ఆరు నెలలు."

ఆయన ఆలోచించారు. సంతలో బేరం దగ్గర ఆగినట్టు ఆగారు. "నాలుగు అను."

"ఐదేనండి. పుస్తకంలో ఉన్నది ఐదు."

"సరే, ఐదు. కానీ చిక్కటి ఆయిల్..."

"వాళ్లు చెప్పినదేనండి. ఈ ఇంజన్‌కి పలచటిదే పోయాలట."

"నీళ్లలా ఉంటాదమ్మా అది" అన్నారు బెంగగా. ఆ తరువాత నేను అడిగాను, మామూలుగా అడుగుతున్నట్టే. "నీళ్లలా ఉంటే పుల్ల మీద కనపడటం కష్టమే కదండీ. మీకు కళ్లు ఎన్నాళ్ల నుంచి మసకగా ఉన్నాయి?"

గాజు గోడ అవతల మా కారు కింద నుంచి ఆయిల్ ట్రేలోకి ధారగా పడుతోంది. ఆయన నావైపు తిరగకుండా అటే చూశారు.

"ఎడంది ఏడాది దాటింది" అన్నారు. "కుడిది పర్లేదు. అంటే, మొన్నటిదాకా పర్లేదు."

"చెప్పలేదేంటండీ?"

"ఏం చెప్పనమ్మా." గొంతు తగ్గింది. "డిపోలో ఏటా కళ్లు చూసేవారు. ఆ రోజు వస్తోందంటే ముందు వారమంతా నిద్ర ఉండేది కాదు. ఒకేడు మా బ్యాచీవాడికి బోర్డు మీద కింద వరస కనపళ్లేదు. వాణ్ని స్టీరింగ్ నుంచి దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారు. రోజూ వాడి ముందు నుంచే మేం బండ్లు తీసేవాళ్లం. రిటైరై ఇన్నాళ్లయినా కళ్ల డాక్టరంటే నాకు అదే. ఎవరో వచ్చి దింపేస్తారన్నట్టు."

"ఇప్పుడెవరు దింపుతారండీ మిమ్మల్ని?"

"తెలుసమ్మా. తెలిసినా అంతే."

 కారు తయారైంది. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన నా పక్క సీట్లో కూర్చుని, "ఇప్పుడు తేలిగ్గా లాగుతోంది" అని మాత్రం అన్నారు. నిజంగానే తేలిగ్గా లాగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మావారికి ఆయిల్ సంగతి చెప్పలేదు, కళ్ల సంగతి చెప్పాను. ఆయిల్ సంగతి మావయ్యగారే చెప్పుకున్నారు. మావారు అన్నం కలపడం ఆపి తండ్రి మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. తరువాత, "రేపే వెళ్దాం నాన్నా" అన్నారు. ఆయనకు కుదరలేదు, బ్యాంకులో సెలవు దొరకలేదు. నేనే తీసుకెళ్లాను, రాజమండ్రి.

డాక్టరమ్మ రెండు కళ్లలోనూ శుక్లాలే అంది. ఎడమది బాగా ముదిరింది, ముందు అది తీసేద్దాం, భయపడాల్సింది ఏమీ లేదు అంది. మావయ్యగారు ఆమె ముందు స్కూలు పిల్లాడిలా నిటారుగా కూర్చున్నారు. బోర్డు మీద అక్షరాలు చదవమంటే పై రెండు వరసలు చదివి, మూడో దాని దగ్గర ఆగి, "తెలీటం లేదండి" అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో ఆమెకు తెలియదు. "పర్లేదండి, అందుకేగా వచ్చారు" అని ఆమె దీపం ఆర్పేసింది.

ఆపరేషన్ జరిగిన మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు ఇచ్చి పంపారు. తిరుగు ప్రయాణంలో గోదావరి దాటి, కొవ్వూరు దాటేదాకా మావయ్యగారు కదలకుండా కూర్చున్నారు. నొప్పిగా ఉందేమోనని అడగబోయాను. అంతలో ఆయన చదవడం మొదలుపెట్టారు. ముందు మైలురాళ్లు. తరువాత దుకాణాల బోర్డులు. ఎరువుల కొట్టు, ఫొటో స్టూడియో, టిఫిన్ సెంటరు, పెళ్లి ఫ్లెక్సీ మీద వధూవరుల పేర్లు, కాలేజీ ప్రకటన, ముందు పోతున్న లారీ వెనక రాసిన మాటలు. ఏదీ వదల్లేదు. నాకు వినిపించాలని కాదు, గొంతు సన్నగానే ఉంది. ఒకచోట సిగ్నలు పడి ఆగితే, బోర్డులు చాలక పక్క స్కూటరు నంబరు కూడా చదివారు. తాడేపల్లిగూడెం దగ్గర, "ఇక్కడ ఇంతకుముందు సైకిలు షాపుండేదమ్మా, ఎప్పుడు తీసేశాడు?" అని అడిగారు. అది తీసేసి ఏడాదయింది. ఆ దారిలో మేమిద్దరం ఎన్నోసార్లు వెళ్లాం. "ఈమధ్యేనండి" అన్నాను.

కుడికన్ను సంక్రాంతి దాటాక చేయించాం.

ఐదువేలు నిండినప్పుడు నేను చెప్పకుండానే ఆయన మీటరు చూసి గుర్తుచేశారు. నాతోపాటు వచ్చి, గాజుగదిలో కూర్చోకుండా లిఫ్టు దగ్గరే నిలబడ్డారు. తీసిన ఆయిల్ నల్లగా ఉంది. ఇస్త్రీ చొక్కా అబ్బాయి అది చూసి, "మంచి పని చేశారండి మేడం, మీ వాడకానికి ఇదే కరెక్టండి" అన్నాడు. నల్లబడటం దాని పనే, అంతమాత్రాన పాడైపోయినట్టు కాదని నేను ఎక్కడో చదివాను. అతను చెప్పింది నిజమో, నా మీద మర్యాదకొద్దీ అన్నాడో తెలియదు. పదివేల దాకా ఆగినా ఈ ఇంజన్‌కి ఏమీ అయ్యేది కాదేమో. అది తేల్చుకోవాలంటే ఇలాంటిదే ఇంకో కారు కొని, ఇవే గట్ల మీద పదివేల దాకా తిప్పి చూడాలి. కొన్నింటికి అంత రుజువు దొరకదు. మన తిరుగుడు ఏమిటో చూసుకుని, ఒక అంకె దగ్గర నిలబడాలి. నేను ఐదు దగ్గర నిలబడ్డాను.

మొన్న ల్యాబుకి బయలుదేరుతుంటే మావయ్యగారు వీధి చివర చదునైన చోట కారు ఆపమన్నారు. కొత్త కళ్లతో గేజీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశారు. పుల్లను ఎండకు ఎత్తి చూసి, "సరిగ్గా గీత దగ్గరుంది" అన్నారు. బానెట్ దించి, చేతులు తుడుచుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఐదంటే ఐదేలే. కానీ వేసవిలోనన్నా నాలుగు చేద్దామమ్మా."

"చూద్దాం లెండి" అని గేరు వేశాను.